మెదడులోని కంతి: చిత్రమును, కొలతయు

మెదడులో గడ్డ యున్నదని వినినంతనే ఇంటిల్లిపాదికిని గుండె జారుట సహజము. కాని మెదడులో కనబడు గడ్డలన్నియు ఒకే జాతివి కావు. కొన్ని కంతులు ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును. గ్లయోబ్లాస్టోమా వంటివి కొద్ది నెలలలోనే ప్రాణాపాయము కలిగించును. మరికొన్ని అసలు కంతులే కావు. క్షయ వలన గాని, బద్దెపురుగు గ్రుడ్లు కడుపులోనికి పోవుట వలన గాని, చీము చేరుట వలన గాని ఏర్పడినవి. మన దేశమున ఇట్టివి అరుదు కావు. తగిన చికిత్సతో వీనిలో పెక్కు నయమగును. కావున గడ్డ ఎచట నున్నదో తెలిసినంత మాత్రమున చాలదు. అది ఎట్టిదో తెలియవలెను.

యంత్రము పనిచేయు విధము

ఈ పనికి నేడు వైద్యులకు ముఖ్య సాధనము ఎం.ఆర్.ఐ. యంత్రము. ఇందు ఎక్స్‌రే కిరణములు లేవు. మన శరీరములో అధికభాగము నీరే. ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకములు సూక్ష్మమైన అయస్కాంతముల వలె ప్రవర్తించును. 1.5 లేక 3 టెస్లాల బలము గల పెద్ద అయస్కాంతములో రోగిని పరుండబెట్టి, రేడియో తరంగములను పంపినచో ఆ కేంద్రకములు చలించును. తరంగములు ఆగిన పిదప అవి పూర్వస్థితికి వచ్చుచు సన్నని సంకేతముల నిచ్చును. పూర్వస్థితికి వచ్చుటకు పట్టు కాలము అన్ని కణజాలములలోను ఒకటి కాదు. ఎలుకల కంతులలో ఈ కాలము హెచ్చుగా నున్నదని 1971లో రేమండ్ డమేడియన్ కనుగొనెను. 1973లో పాల్ లాటర్‌బర్ ఇట్టి సంకేతములతో చిత్రమును నిర్మించెను. ఆయనకును, పీటర్ మాన్స్‌ఫీల్డునకును 2003లో నోబెల్ బహుమానము లభించెను.

చూచుట వేరు, కొలుచుట వేరు

నుదుటిపై చేయి వేసి జ్వరమున్నదని చెప్పవచ్చును. థర్మామీటరు పెట్టిన గాని ఎన్ని డిగ్రీలో తెలియదు. సాధారణ ఎం.ఆర్.ఐ. చిత్రములోని నలుపు తెలుపులు మొదటి దాని వంటివి. ఈ కాలమున వైద్యులు అదే యంత్రముతో కొన్ని అంశములను అంకెలలో కొలుచుచున్నారు.

మొదటిది నీటి కదలిక. కణములు క్రిక్కిరిసిన చోట నీరు స్వేచ్ఛగా కదలజాలదు. చీముగడ్డయు, నడుమ కుళ్ళిన కంతియు చిత్రములో ఒకే విధముగా ఉంగరము వలె కనబడవచ్చును. కాని చిక్కని చీములో నీటి కదలిక చాల తక్కువ. కుళ్ళిన కంతి నడిమి ద్రవములో సాధారణముగా హెచ్చు. ఈ ఒక్క అంకె చికిత్స మార్గమునే మార్చగలదు.

రెండవది రక్తము. త్వరగా పెరుగు కంతి క్రొత్త రక్తనాళములను కల్పించుకొనును. గెడోలినియమను పదార్థము గల మందును సిరలోనికి ఎక్కించి, కంతిలోని రక్తము ఆరోగ్యమైన భాగములోని దానికి ఎన్ని రెట్లున్నదో లెక్కింతురు.

మూడవది రసాయనములు. కంతిలో సాధారణముగా కోలీన్ గుర్తు హెచ్చును. నాడీకణములకు చెందిన పదార్థము తగ్గును. క్షయగడ్డలో కొవ్వు పదార్థముల గుర్తు ప్రముఖముగా నుండును. అయితే కుళ్ళిన కంతిలోను కొవ్వు కనబడవచ్చును గనుక, ఒక్క కొలతతోనే తీర్పు చెప్పరాదు.

కొలతకు గల హద్దులు

ఇందుకు నిదర్శనము 2003లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశోధన. 160 మంది రోగులలో, రక్తము 1.75 రెట్లకు మించినచో కంతి తీవ్రమైనదని భావించి చూచిరి. తీవ్రమైన కంతులలో 100కి 95 పట్టుబడెను. కాని తీవ్రము కానివానిలో సయితము 100కి 40కి పైగా తీవ్రమైనవిగా తోచెను. యంత్రమును బట్టియు అంకె కొంత మారును. కావున కంతి ముక్కను తీసి పరీక్షించుట నేటికిని ఆవశ్యకము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన వర్గీకరణము ప్రకారము, పెక్కు కంతులకు పేరు పెట్టుటకు జన్యువులలోని మార్పులను గూడ చూడవలెను. అయినను, ముక్కను ఎచటనుండి తీయవలెనో కొలతలు సూచించును. తీవ్రత తక్కువగా నున్న అంచునుండి తీసినచో రోగము అసలు తీవ్రత మరుగుపడవచ్చును.

చికిత్స పిదపను ఇవి ఉపకరించును. కిరణచికిత్స ముగిసిన మొదటి మూడు నెలలలో, కంతి పెరుగకయే పెరిగినట్లు చిత్రములో తోచుట కలదు. రక్తపు కొలత తక్కువగా నున్నచో అది చికిత్స ప్రభావము కావచ్చునని వైద్యుడు ఊహించి, పనిచేయుచున్న మందును తొందరపడి మాన్పించడు.

గుర్తుంచుకొనవలసినవి

పెద్దవారికి తొలిసారిగా మూర్ఛ వచ్చుట, దినదినము హెచ్చుచు ప్రాతఃకాలమున వాంతితో కూడిన తలనొప్పి, ఒక ప్రక్క కాలుసేతులు బలహీనమగుట, మాట తడబడుట - వీనిలో ఏది కనిపించినను ఆలస్యము చేయరాదు. ఇవి కంతి వలననే కలుగునని కాదు. కాని కారణము తెలియవలెను. శరీరములో పేస్‌మేకరు గాని, లోహపు ముక్క గాని ఉన్నను, మూత్రపిండముల వ్యాధి ఉన్నను పరీక్షకు ముందే చెప్పవలెను. పాత చిత్రములను, నివేదికలను పారవేయక భద్రపరచి, ప్రతి పరీక్షకును వెంట తీసికొని పోవలెను. వీలైనంతవరకు అదే యంత్రముపై పరీక్ష చేయించుకొనుట మంచిది. ఏలయనగా నేటి కొలతను నిన్నటి కొలతతో పోల్చినప్పుడే కంతి నడక వైద్యునికి తేటపడును.