నల్లని అద్దములు – రాత్రి చూపు

వేసవి వచ్చినదనిన మన ప్రాంతమున కారు గలవారికి మొదటి చింత ఎండ. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేడిమి 45 డిగ్రీలు దాటు దినములలో, ఎండన నిలిపియుంచిన బండిలో కూర్చుండుట ఎవరికిని సుఖము కాదు. అందుచేత కొందరు అద్దములకు నల్లని ఫిల్ము అంటించుకొందురు. ఆ కోరికను మేము తప్పుపట్టము. అయితే పగటి ఎండకై అంటించిన పొర సూర్యుడు క్రుంకినంతనే ఊడిపోదు గదా! రాత్రివేళ అది ఏమి చేయుచున్నదో విచారింతము.

మన కంటి వెనుక పొరయందు కాంతిని గ్రహించు కణములు రెండు తెగలు. సుమారు 60 లక్షల శంకు కణములు పగటి చూపును, రంగులను, సూక్ష్మమైన వివరములను తెలియజేయును. సుమారు 12 కోట్ల దండ కణములు మసక వెలుతురున పనిచేయును గాని, వానికి రంగు తెలియదు, వివరమును అంతగా తెలియదు. రాత్రి బాటపై ఈ రెండు తెగలును అరకొరగానే పనిచేయవలసి యుండును.

మధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల వరకు ఉండును. అందు సగము తీసివేసినను 50 వేలు మిగులును. కంటికి లోటు తెలియదు. దుకాణములో పగటిపూట ఫిల్మును పరీక్షించినవారు "అంతా చక్కగా కనబడుచున్నదే" అనుట ఇందువలననే. వీధిదీపము క్రింద వెలుతురు పది, ఇరువది లక్సులకు మించుట అరుదు. దీపములు లేని బాట సంగతి చెప్పనక్కరలేదు. అచ్చట సగము పోయినచో, నల్లని తారుపై నిలిచిన నల్లని గేదెను వేరుపరచి చూపు స్వల్పభేదమే మాయమగును. చిక్కేమనగా, కనబడనిదేదో నడుపువానికి తెలియదు. తనకు అంతయు కనబడుచున్నదనియే అతడు భావించును.

కొంచెము లెక్క చూతము. ముందు అద్దము నూటికి 70 పాళ్లు కాంతిని పోనిచ్చుననుకొందము. దానిపై సగము కాంతిని పోనిచ్చు ఫిల్ము అంటించిన మిగులునది 35 పాళ్లే. బండి దీపముల వెలుతురు దూరము రెట్టింపైనపుడు నాలుగవ వంతునకు పడిపోవును. కావున ఫిల్ము లేనపుడు 100 మీటర్ల దూరమున ఏ మాత్రము కాంతితో తోచిన మనిషి, ఫిల్ము ఉన్నపుడు సుమారు 71 మీటర్లకు చేరినగాని ఆ మాత్రము కాంతితో తోచడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండికి ఆ తేడా ఒకటి ముప్పాతిక సెకనుల కాలము. బ్రేకుపై కాలు వేయుటకు పట్టు వ్యవధి అందులో ఇమిడిపోవును!

"ఎదురుబండి దీపముల మిరుమిట్లు తగ్గును గదా" అని కొందరి వాదము. మిరుమిట్లు తగ్గుట నిజమే. కాని ఆ దీపము ప్రక్కన నడచు మనిషినుండి వచ్చు కాంతియు అదే పాలున తగ్గును. రెంటి నిష్పత్తి మారదు గనుక, కంటికి హాయి కలుగవచ్చును గాని మనిషి మెరుగుగా కనబడడు. రాత్రికని అమ్ము పసుపుపచ్చ కళ్లజోళ్ల సంగతియు ఇంతే.

ప్రక్క అద్దముల విషయము మరింత గడ్డుది. మలుపున మనము చూచునది ఆ అద్దముగుండా. బండి దీపముల వెలుగు అటు పడదు. ప్రక్కన వచ్చు సైకిలువానిని చూపు బయటి దర్పణమును సయితము ఆ అద్దముగుండానే చూడవలెను. వయసు మీరినవారికి చీకటిలో కనుపాప చాలినంత విచ్చుకొనదు. పడుచువానికి 7 మిల్లీమీటర్లు తెరచుకొనునది వృద్ధునకు 5 మాత్రమే అయినచో, లోనికి పోవు కాంతి ఇంచుమించు సగమే. ఫిల్ము ఆ సగములో మరల సగమును హరించును.

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి, 100వ నియమమున, ముందు వెనుక అద్దములకు 70 పాళ్లు, ప్రక్క అద్దములకు 50 పాళ్లు కాంతి ప్రసరణ ఉండవలెనని విధించినది. 2012 ఏప్రిల్ 27న సుప్రీం కోర్టు, పాళ్లెన్నియైనను ఫిల్ము అంటించరాదని తీర్పు చెప్పినది. తరువాత నియమము సవరింపబడగా, ఆ పాళ్లకు లోబడిన ప్లాస్టిక్ పొర చెల్లునని 2024లో కేరళ హైకోర్టు పలికినది. పాళ్లు మాత్రము సడలలేదు.

మరి ఎండకు ఉపాయమేమి? సూర్యుని వేడిమిలో ఇంచుమించు సగము కంటికి కానరాని పరారుణ కిరణములది. దానిని ఆపుటకు అద్దము నల్లబడ నక్కరలేదు. అట్టి తేటగాజు అమర్చిన కార్లు కలవు. లేనివారు బండిని నిలిపినపుడు ముందు అద్దమునకు తెర అడ్డుపెట్టి, బయలుదేరునపుడు తీసివేయవచ్చును. పాత ఫిల్మును ఊడదీసినవారు గాజుపై మిగిలిన జిగురును పూర్తిగా తుడిచివేయవలెను. అది మిగిలినచో ఎదురుదీపముల కాంతి దానిపై చెదరి, అద్దమంతయు పొగ పట్టినట్లుండును.