మీకు తెలుసా? మన రైలు దారిన వెళ్లిన రక్త నమూనాలు

కడంబత్తూరు స్టేషన్లో నిలబడితే అటు చెన్నై, ఇటు అరక్కోణం బండ్లు వస్తూ పోతూ ఉంటాయి. దక్షిణాదిలో 1856లో మొట్టమొదటి ప్రయాణికుల రైలు నడిచిన దారి ఇదే. ఇదే దారికి మన దేశ వైద్య చరిత్రలోనూ ఒక చోటుంది. ఆ సంగతి ఎంతమందికి తెలుసు?

1986 ఫిబ్రవరి. డాక్టర్ సెల్లప్పన్ నిర్మల మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ పీజీ చదువుతున్నారు. వయసు 32. ప్రొఫెసర్ సునీతి సోలమన్ చెప్పిన మీదట ఆమె ఓ పరిశోధనకు పూనుకున్నారు. పోలీసులు పట్టి తెచ్చి నిర్బంధ గృహంలో ఉంచిన సెక్స్ వర్కర్ల దగ్గర రక్తం తీశారు. చేతికి గ్లవ్స్ కూడా లేవు. రక్తం నుంచి సీరం వేరు చేసి సీసాలను ఇంటి ఫ్రిజ్‌లో దాచారు. ఎలైసా పరీక్షకు మద్రాసులో వసతి లేకపోవడంతో ఐస్ పెట్టెలో సర్దుకుని, భర్తను తోడు తీసుకుని రాత్రి రైలెక్కారు. కాట్పాడిలో దిగి ఆటోలో వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికి చేరారు. అక్కడ పరీక్ష పెడితే ఆరు నమూనాలు పసుపు రంగుకు తిరిగాయి, అంటే హెచ్ఐవీ ఉన్నట్టు సూచన. ఆ ఆరుగురి దగ్గర మళ్లీ రక్తం తీసి చూశారు, అమెరికాలోనూ నిర్ధారణ చేయించారు. హెచ్ఐవీ మన దేశంలోకి వచ్చేసిందని తెలిసింది అలాగే. అది విదేశాల జబ్బు, మన దాకా రాదు అని అందరూ ధీమాగా ఉన్న రోజులవి.

ఇందులో మనసుకు కష్టం కలిగించే సంగతి ఒకటుంది. ఆ రక్తం దేనికోసం తీస్తున్నారో ఆ ఆడవాళ్లకు ఎవరూ చెప్పలేదు. దేశాన్ని ముందుగా మేలుకొలిపింది వాళ్ల రక్తమే. ఆ తర్వాత జబ్బు తెచ్చినవాళ్లంటూ ఏళ్ల తరబడి వేలెత్తి చూపించుకున్నదీ వాళ్లే. ఇప్పుడు చట్టం మారింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం ప్రకారం మనిషికి చెప్పకుండా, సమ్మతి తీసుకోకుండా ఈ పరీక్ష చేయకూడదు. ఫలితం బయటపెట్టకూడదు. హెచ్ఐవీ ఉందని ఉద్యోగంలోంచి తీసేయకూడదు, బడిలో సీటు లేదనకూడదు.

పులిరాజా గుర్తున్నాడా? 2003 ప్రాంతంలో ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అంటూ ఆంధ్రలో ఎక్కడ చూసినా బోర్డులే. చెన్నైలో అదే కల్పిత పాత్ర పేరు పుళ్ళిరాజా. కండోమ్ పేరు పైకి పలకడానికే సిగ్గుపడే ఊళ్లలో కూడా టీ కొట్ల దగ్గర దాని గురించి మాట్లాడుకునేలా చేసిన ప్రచారమది. అంత సూటిగా మాట్లాడటం మళ్లీ మానేశాం. అది మంచిది కాదు.

ఆ తొలి పరీక్షలు చేయించిన సునీతి సోలమన్ 2015 జూలై 28న కన్నుమూశారు. ఆ తేదీ ప్రపంచ హెపటైటిస్ దినం కూడా. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ పుట్టినరోజు అది. హెచ్ఐవీ పేరు చెబితే ఉలిక్కిపడతాం కానీ, రక్తం ద్వారా అంటడంలో ఈ బి వైరస్ దాన్ని మించింది. వాడిన సూది నర్సు చేతికి గుచ్చుకుందనుకోండి. అవతలి రోగికి హెచ్ఐవీ ఉంటే, అలా గుచ్చుకున్న వెయ్యిమందిలో ముగ్గురికి అంటుతుంది. హెపటైటిస్ బి అయితే, టీకా వేసుకోనివాళ్లలో వందకు ముప్ఫైమంది దాకా అంటవచ్చు. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతుకుతుంది.

అందుకే బ్లేడు సంగతి చెప్పాలి. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు చిత్తూరు వైపు నుంచి, మన ఊళ్ల నుంచి ఎందరో వెళ్తారు. కావడి మొక్కులు, తలనీలాలు. గుండు గీసే చోట ఒకటి గమనించండి: కొత్త బ్లేడును కాగితంలోనే మధ్యకు విరిచి, సగం ముక్క కత్తికి తొడుగుతారు. ఆ విరవడం మీ కళ్లముందే జరగాలి. ముందటి తలకు వాడిన ముక్కను మగ్గులోని డెట్టాల్ నీళ్లలో ముంచి తీసినంత మాత్రాన సరిపోదు. శూలం గుచ్చుకునే మొక్కుకైనా, జాతరలో వేయించుకునే పచ్చబొట్టుకైనా గుచ్చేది కొత్తదై ఉండాలి. అడిగితే దేవుడికి కోపం రాదు, క్షురకుడికీ రాకూడదు. చెయ్యి తెగే ప్రమాదం రోజూ ఉన్నది ఆయనకే కాబట్టి ఆయనే ముందు హెపటైటిస్ బి టీకా వేయించుకోవాలి.

ఆ టీకా వెనుక మన తెలుగువాడు ఉన్నాడు. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాదులో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. విదేశీ హెపటైటిస్ బి టీకా ఒక్క డోసు వందల రూపాయలు పలికే కాలమది. 1997లో ఆయన సంస్థ శాన్‌వ్యాక్-బి పేరుతో దేశంలోనే తయారుచేసి 50 రూపాయల ధరకు తెచ్చింది. ఆ ధర దిగకపోతే పేదింటి బిడ్డకు ఈ టీకా ఇంత త్వరగా అందేది కాదని నా గట్టి నమ్మకం. 2011 నాటికి దేశమంతటా పిల్లల ఉచిత టీకాల్లో ఇది చేరింది. మొదటి డోసు పుట్టిన 24 గంటల్లోపే పడాలి. ఎందుకంటే పసికందుకు తల్లి నుంచి సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దలకు సోకితే అలా నిలిచిపోయేది వందలో ఐదుగురికి కూడా కాదు.

2011కు ముందు పుట్టిన చాలామంది ఈ టీకా వేసుకోనేలేదు. పెద్దలకు మూడు డోసులు: ఇవాళ ఒకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలకు మరొకటి.

కామెర్లతో కళ్లు పచ్చబడగానే పసరుకు పరుగెత్తుతాం, కొన్నిచోట్ల చేతికి వాతలు కూడా పెడతారు. నీళ్ల ద్వారా వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు వస్తుంది. హెపటైటిస్ బి, సి వైరస్‌లు అలా కాదు. కామెర్లు తగ్గాయనుకున్నా కాలేయంలో ఏళ్లపాటు నిలిచి సిరోసిస్‌కు, క్యాన్సర్‌కు దారితీయగలవు. కాబట్టి రక్తపరీక్ష చేయించుకోవాల్సిందే. సికి టీకా లేదు గానీ, 12 వారాల మాత్రలతో వందలో 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆ మందులు ఉచితం. మత్తు సూదులు వాడేవాళ్లలో సి ఎక్కువగా పాకుతుంది. ఒకే సూది చేతులు మారడమే కారణం. వాళ్లకు కొత్త సూదులు ఇవ్వడం, నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్రతో సూది మాన్పించడం ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నాయి. సూదులు పంచితే మత్తు పెరుగుతుందని విసుక్కునేవాళ్లు ఉన్నారు. పెరగలేదనీ, జబ్బు మాత్రం తగ్గిందనీ ప్రపంచమంతటా తేలింది.

ఇక హెచ్ఐవీ ఉన్నవాళ్లు రోజూ మందు వేసుకుని రక్తంలో వైరస్ కనపడని స్థాయికి తెచ్చుకుంటే, కలయిక ద్వారా భాగస్వామికి అంటదు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టిన ఆసుపత్రుల్లో తాంబరం శానటోరియం ఒకటి. హెచ్ఐవీ ఉన్నవారికి వాడిన సూది గుచ్చుకున్నా దారి ఉంది. సబ్బుతో కడుక్కుని, 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే 28 రోజుల మందు ఇస్తారు.

ఇంట్లో షుగరు ఉన్నవాళ్లు ఇన్సులిన్ వేసుకుని సూదిని కూరగాయల తొక్కలతో కలిపి చెత్తబుట్టలో వేస్తుంటారు. పొద్దున్నే ఆ చెత్తను చేత్తో వేరుచేసేది పంచాయతీ పారిశుద్ధ్య కార్మికురాలు. ఆ అక్కకు హెపటైటిస్ బి టీకా ఎవరైనా వేయించారా? మీ వార్డు సభ్యుణ్ణి అడగండి. వాడిన సూదులను మూత గట్టిగా బిగిసే దళసరి ప్లాస్టిక్ సీసాలో వేసి, నిండాక ఆసుపత్రిలో ఇచ్చేయండి. హెచ్ఐవీ గురించి సందేహాలుంటే ఉచిత ఫోన్ నంబరు 1097.