డి.ఎన్.ఎ. దెబ్బతిన్నప్పుడు జన్యువుల స్పందన: ఈస్టు కణాలు తెలిపిన వాస్తవాలు

రొట్టెల పిండిని పులియబెట్టేందుకు వాడే ఈస్టు ఏకకణ జీవి. అయినప్పటికీ జన్యువులను నియంత్రించే పద్ధతిలో ఇది మానవ కణాన్ని ఎంతగానో పోలి ఉంటుంది. సుమారు 6 వేల జన్యువులు గల ఈస్టు పూర్తి జన్యుక్రమం 1996లో వెల్లడి కావడంతో పరిశోధనలకు మరింత వీలు కలిగింది.

జన్యువులోని సమాచారం ఆర్.ఎన్.ఎ. రూపంలో నకలు కావడాన్ని అనులేఖనం అంటారు. ప్రోటీన్ల తయారీకి అవసరమైన నకళ్లను ఆర్.ఎన్.ఎ. పాలిమరేజ్-2 అనే ఎంజైము సిద్ధం చేస్తుంది. ఈస్టు ఆధారంగా ఈ ప్రక్రియపై జరిపిన పరిశోధనలకుగాను రోజర్ కోర్న్‌బర్గ్‌కు 2006లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

నకలు ఆగిన చోటే మరమ్మతు

అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడు డి.ఎన్.ఎ. పోగులో పక్కపక్కనున్న థైమిన్ క్షారాలు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. అక్కడికి చేరిన ఎంజైము ముందుకు సాగలేక నిలిచిపోతుంది. ఈ నిలుపుదలే కణానికి ప్రమాద సూచిక. దీనిని గుర్తించడంలో రాడ్-26 అనే ప్రోటీను తోడ్పడుతుంది. అనంతరం మరమ్మతు ప్రోటీన్లు దెబ్బతిన్న భాగాన్ని తొలగించి, ఎదుటి పోగు ఆధారంగా కొత్త భాగాన్ని పూరిస్తాయి. అందువల్లనే నకలు జరుగుతున్న పోగు మిగిలిన భాగాల కంటే త్వరగా బాగవుతుంది. ఎంజైము ఎంతకూ కదలని పక్షంలో దాని ప్రధాన భాగాన్ని కణమే విచ్ఛిన్నం చేసి దారి తెరుస్తుంది.

రక్షక జన్యువుల మేల్కొలుపు

ఒకచోట నకలు నిలిచిపోగా, మరికొన్ని జన్యువుల నకలు ఊపందుకుంటుంది. ప్రమాద సంకేతం మెక్-1, రాడ్-53, డన్-1 ప్రోటీన్ల ద్వారా వరుసగా అందుతుంది. దాంతో కొన్ని జన్యువులను అణచి ఉంచే సి.ఆర్.టి-1 ప్రోటీను వాటి నుంచి తొలగిపోతుంది. ఫలితంగా డి.ఎన్.ఎ. తయారీకి కావలసిన ముడిపదార్థాన్ని అందించే ఎంజైము అధికంగా ఉత్పత్తి అవుతుంది. డి.ఎన్.ఎ.ను దెబ్బతీసే ఒక రసాయనానికి గురిచేసిన ఈస్టులో సుమారు 325 జన్యువుల నకళ్లు పెరిగాయని, 76 జన్యువుల నకళ్లు తగ్గాయని 1999లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది.

మానవ ఆరోగ్యంతో సంబంధం

రాడ్-26కు సరిసమానమైన మానవ ప్రోటీను సి.ఎస్.బి. దీని జన్యువు లోపిస్తే కాకేన్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య వ్యాధి వస్తుంది. ఈ వ్యాధి సోకిన పిల్లల్లో ఎదుగుదల కుంటుపడుతుంది, నాడీవ్యవస్థ క్షీణిస్తుంది, చర్మం ఎండను తట్టుకోలేదు. మెక్-1ను పోలిన మానవ ప్రోటీను ఎ.టి.ఆర్. దానిని నిరోధించే మందులను క్యాన్సర్ చికిత్స కోసం రోగులపై పరీక్షించారు. పలు క్యాన్సర్ మందులు పనిచేసేది కూడా డి.ఎన్.ఎ.ను దెబ్బతీయడం ద్వారానే. ఆ దెబ్బను కణం ఎలా తట్టుకుంటుందో తెలిస్తేనే చికిత్సను మెరుగుపరచడం సాధ్యమవుతుంది.