డింభకా, ముందుగాల మొసలి మాట విను!

'పాతాళ భైరవి' సినిమా నేను మొన్నటిదాక పూర్తిగ చూడలే. మా తాత నోట విన్న, టీవీల ముక్కలు ముక్కలు చూసిన, ఎస్వీ రంగారావు గడ్డం బొమ్మతోని వచ్చే మీమ్స్ గ్రూపులల్ల పంపిన. మొదటి నుంచి చివరిదాక కూసోని చూసింది మాత్రం మొన్న ఆదివారమే. కంచన్‌బాగ్‌ల మేం నలుగురం కిరాయికి ఉండే రూమ్‌ల, నీళ్ల బాటిల్‌కు ఫోన్ ఆనిచ్చి చూసినం.

మాతోని పనిచేసే బార్కస్ పిలగాడు ఒకడు ఆ రోజు రూమ్‌కు వచ్చిండు. బార్కస్ అంటే మాకు పక్కనే. నిజాం ఫౌజుల పనిచేసేటందుకు యెమెన్‌ల హద్రమౌత్ దిక్కు నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్స్ ఉన్న జాగ అది. ఆ బ్యారక్స్ అన్న మాటే నోట్ల నాని బార్కస్ అయింది. సినిమా సగం కాకముందే వాడు అన్నడు: "అరే భాయ్, ఇది మా అలాదీన్ కహానీ కదా!"

"మీది కాదు, మాది" అని నేను లొల్లి పెట్టుకున్న. తర్వాత వెతికితే తెలిసింది, ఇద్దరిదీ కరెక్టే, ఇద్దరిదీ కాదు.

'పాతాళ భైరవి' 1951ల వచ్చింది. విజయా వాళ్లు తీసిండ్రు, కేవీ రెడ్డి డైరెక్టరు, కథ, మాటలు పింగళి నాగేంద్రరావు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీ మజిలీ కథలు', అలాదీన్ అద్భుత దీపం, ఈ రెండింటి పోలికలు దీంట్ల కనబడ్తయి. కాశీ మజిలీ కథలంటే ఏందో మా ఈడోళ్లకు తెల్వదు. కాశీకి నడిచిపోయే ఒక సాధువు, తోడు వచ్చిన పశువులు కాసే పిలగానికి ఆగిన ప్రతి మజిలీల ఒక కథ చెప్తడు. దారి అలుపు తెల్వకుండ కథ, కథ కోసం దారి.

ఇగ అలాదీన్ సంగతి ఇంకా విచిత్రం. వెయ్యిన్నొక్క రాత్రుల పాత అరబ్బీ పుస్తకంల అలాదీన్ లేనే లేడు! ఆ కథలను ఫ్రెంచిలకు మార్చిన గాలాన్ అనే ఆయనకు, సిరియాల అలెప్పో నుంచి పారిస్ పోయిన హన్నా దియాబ్ అనే పడుచు పిలగాడు 1709ల నోటితోని చెప్పిండు. గాలాన్ దాన్ని పుస్తకంల కలిపిండు. ఇంకో ముచ్చట, ఆ కథల అలాదీన్ ఉండేది అరబ్బు దేశంల కాదు, చైనాల! అంటే సిరియా పిలగాడు పారిస్‌ల చెప్పిన చైనా పిలగాని కథ, మన దిక్కు వచ్చి ఉజ్జయినిల తోటమాలి కొడుకు తోట రాముడు అయింది. బార్కస్ దోస్తుకు ఈ ముచ్చట చెప్తే నవ్విండు. "అయితే మనిద్దరం కిరాయోళ్లమే" అన్నడు.

కని తేడాల కాడనే అసలు కథ ఉన్నది. అలాదీన్‌ను మాంత్రికుడు దీపం తెమ్మని గుహలకు పంపుతడు. మన సినిమాల మాంత్రికునికి రాముడు పనిమనిషిగ అవసరం లేదు, బలి ఇయ్యనీకి కావాలె. అది కూడ ఎవడు పడితే వాడు పనికి రాడు. విద్యలు వచ్చినోడు, సాహసం ఉన్నోడు కావాలె.

గీ మాట కాడ నేను ఆగిపోయిన. రాముడు ఎందుకు చిక్కిండు? ఎర్రోడా? కాదు. ఆశపోతా? అదీ కాదు. రాజకుమారిని ప్రేమించిండు. రాజు ఏమన్నడు? మా తోని సమానంగ సంపద తెస్తే పిల్లనిస్త అన్నడు. చేతుల రూపాయి లేనోడు, ఇంట్ల తల్లి ఒక్కతే. ఆ తల్లి వేషం వేసింది సురభి కమలాబాయి, తెలుగు తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'ల లీలావతి ఆమెనే. అసొంటి ఇంటి పిలగానికి తొందరగ పైస కావాలె. సరిగ్గ అదే టైముకు మాంత్రికుడు వచ్చి "దారి నేను చూపిస్త" అంటడు. మోసగాడు మన అవసరాన్ని ముందే చదువుకోని వస్తడు.

ఇది నాకు తెలుసు. ఎందుకంటే నేను గూడ చిక్కిన.

మాది కల్వకుర్తి దిక్కు ఊరు. ఐటీఐ చేసిన. కంచన్‌బాగ్ అంటే మా ఊర్ల పెద్ద పేరు. డీఆర్‌డీవో ల్యాబులు, మిధాని, బీడీఎల్ అన్నీ ఈడనే. ఆ గోడల లోపల కొలువంటే ఇగ జన్మ తరించినట్టే. రెండేండ్ల కింద ఒకడు ఫోన్‌ల తగిలిండు. లోపల మనిషి ఉన్నడు, కాంట్రాక్టు కింద పెట్టిస్త, ఏడాదికి పర్మనెంట్ అన్నడు. ముప్పై వేలు అడిగిండు. అమ్మ రెండు మేకలు అమ్మింది, మిగిలింది మహిళా సంఘంల అప్పు తెచ్చింది. పైసలు పోయినంక మూడో రోజుకు ఆ నంబర్ బంద్. గేటు కాడికి పోయి అడిగితే సెక్యూరిటీ ఆయన నా దిక్కు జాలిగ చూసిండు. "నీ అసొంటోళ్లు మస్తు మంది వస్తరు బిడ్డా" అన్నడు.

ఊరికి వాపస్ పోను మొఖం చెల్లలే. చిన్న వర్క్‌షాప్‌ల లేత్ మిషన్ మీద పనికి కుదిరిన. ఇప్పటికీ అక్కడనే. అమ్మకు మాత్రం "కొలువు దొరికింది" అని చెప్పిన. ఏ కొలువో చెప్పలే.

రాముడు ఎట్ల బతికిండో గుర్తుందా? బలికి ముందు స్నానం చేసి రమ్మంటడు మాంత్రికుడు. మడుగుల మొసలి మీద పడ్తది. రాముడు దాన్ని కొడితే, దాని శాపం తీరి, మాంత్రికుని గుట్టు మొత్తం చెప్తది. నిన్ను బలిస్తడు, జాగ్రత్త అని. అంతే, కథ తిరిగిపోయింది. కత్తి కంటె ముందు, బొమ్మ కంటె ముందు రాముడిని కాపాడింది ఒక మాట. గుట్టు తెలిసినోళ్లు నోరు తెరిచి చెప్పిన మాట.

నేను ఆ మాట ఎవనికీ చెప్పలే. నవ్వుతరని.

ఇంకో సంగతి. భైరవి బొమ్మ చేతికి వస్తే రాముడు రాత్రికి రాత్రి మేడ కట్టిస్తడు. చూస్తుంటె మస్తుగ ఉంటది. కని ఆ మేడ నిజంగ ఎట్ల లేచింది? మద్రాసుల సెట్టు వేసిన వడ్లోళ్ల చేతులతోని, రంగులు వేసినోళ్లతోని, మార్కస్ బార్ట్‌లే కెమెరా ఉపాయంతోని. ఆ రోజులల్ల కంప్యూటర్ లేదు. మనిషి మాయం కావాలంటె కెమెరా ఆపాలె, మనిషిని తీసెయ్యాలె, మిగిలినోళ్లు కదలకుండ నిలబడాలె, మల్ల తిప్పాలె. గింత చేస్తే ఒక్క క్షణం మాయ. 1952ల మన దేశంల మొదటిసారి జరిగిన అంతర్జాతీయ ఫిల్మ్ పండుగల ఈ సినిమాను వేసిండ్రు.

మా కంచన్‌బాగ్ ముచ్చట గూడ అంతే. 1983ల అబ్దుల్ కలాం ముందుండి నడిపిన మిస్సైల్ ప్రోగ్రాంల పేర్లు చూడుండ్రి: పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్. అన్నీ పురాణంల అస్త్రాల లెక్కనే ఉంటయి. కని మంత్రం చదివితె లేవలే. లోహం కరిగించినోళ్లు, కొలత తప్పకుండ కోసినోళ్లు, ఫెయిలైనంక మల్ల మొదలుపెట్టినోళ్లు ఏండ్లకేండ్లు చేస్తే లేచినయి. లేత్ మీద నిలబడి ఒక మిల్లీమీటరుల పదో వంతు ఎక్కువ కోసి, ముక్క పారేసి, మేస్త్రితోని తిట్లు తిన్నోన్ని నేను. నాకు తెలుసు.

సినిమాల నాకు నచ్చనిదీ ఒకటున్నది. పిల్లనియ్యనీకి సంపద అడిగిన రాజును కథ ఒక్క మాట అనదు. తప్పంతా మాంత్రికుని మీదికే పోతది. రాజు ఆ షరతు పెట్టకపోతె రాముడు గుహ దిక్కు ఎందుకు పోతుండె? మన ఊర్లల్ల "ఏం కొలువు, జీతమెంత" అని అడిగే చుట్టాలు, కట్నం లెక్కలు, ఇవన్నీ ఆ రాజు మాటలే. బ్రోకర్ చేతికి మనల్ని తోలేది అవే.

సినిమా అయిపోయినంక రాత్రి మా తమ్ముడు ఫోన్ చేసిండు. ఎవడో టెలిగ్రామ్‌ల తగిలిండట. ఇంట్ల కూసోని పని, ముందుగాల ఎనిమిది వేలు డిపాజిట్ కడితే చాలట. "అన్నా, పంపుతవా?" అన్నడు.

కొద్దిసేపు ఏం మాట్లాడలే. తర్వాత అంతా చెప్పిన. మేకల సంగతి, గేటు సంగతి, లేత్ మిషన్ సంగతి. సర్కారు కొలువు నోటిఫికేషన్‌తోని, పరీక్షతోని వస్తది, కొలువు ఇచ్చేటోడు జీతం ఇస్తడు గని పైసలు అడగడు అని చెప్పిన. ఒకవేళ ఇప్పటికే పంపి ఉంటె ఆగకుండ 1930కు ఫోన్ కొట్టు, ఎంత జల్ది కొడితే పైసలు ఆగే మోక అంత ఎక్కువ అని చెప్పిన.

తమ్ముడు కొంచెంసేపు ఊకున్నడు. "ఇంకా పంపలే అన్నా" అన్నడు. మల్ల అడిగిండు, "అమ్మకు తెలుసా?"

తెల్వదు. ఈ ఆదివారం ఊరికి పోతున్న, చెప్పనీకి.