ఇల్లు మీరే అమ్ముతారా... బ్రోకర్‌ని పిలుస్తారా?

పాతబస్తీలో ఇల్లు అమ్మకానికుందంటే బోర్డు కట్టనక్కర్లేదు. సాయంత్రానికల్లా కబురు గల్లీ దాటుతుంది! మరి బ్రోకర్ ఎందుకు? రెండు శాతం కమీషనంటే 80 లక్షల ఇంటికి లక్షా 60 వేలు. పక్కింటివాళ్లే కొంటామంటే అది మిగిలినట్టే. బయటివాళ్లు రావాలన్నా, మొహమాటం లేకుండా బేరమాడాలన్నా మధ్యవర్తి అక్కరకొస్తాడు.

అయితే శాలిబండ, యాకుత్‌పురా లాంటి పాత బస్తీల్లో బేరం చెడేది ధర దగ్గర కంటే కాగితాల దగ్గరే. తాతలనాటి ఇంటికి వాటాలు తేలవు. కొన్నిటికి నోటరీ పత్రాలే తప్ప రిజిస్ట్రేషన్ ఉండదు. పెళ్లై వెళ్లిన ఆడపిల్లల సంతకం అడిగితే పాత గొడవలు లేస్తాయి. వీటిని ఏ బ్రోకరూ తీర్చలేడు.

అందుకే...
* ముందు ఈసీ తీయించండి. లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించండి.
* వక్ఫ్, దేవాదాయ ఆస్తులుండే 22-ఏ నిషేధిత జాబితాలో మీ ఇల్లు ఉందేమో చూసుకోండి.
* బయానా చెక్కు రూపంలోనే తీసుకోండి. 2015 జూన్ నుంచి 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు.
* బ్రోకర్‌ని పెట్టుకుంటే కమీషనెంతో ముందే రాసుకోండి. రిజిస్ట్రేషన్ అయ్యాకే ఇవ్వండి.

కాగితాలు చక్కగా ఉంటే ఎవరు అమ్మినా మంచి ధరే. లేకుంటే కమీషనూ దండగే!