మబ్బులో దాచిన అడంగలు



మన గోదావరి జిల్లాల్లో ధాన్యం కేంద్రానికి తోలాలన్నా, పంట నష్టానికి సాయం అందాలన్నా ముందుగా అడిగే మాట ఒకటే: "ఈ-పంటలో మీ పేరు ఎక్కిందా?" ఈ-పంట అంటే ఏమిటి, ఆ లెక్క ఎక్కడ వుంటుంది, రైతు దానిని ఎట్లా సరిచూసుకోవాలి అన్న సంగతులు ఈ పూట చెప్పుకుందాం.

పూర్వం వూరి లెక్క కరణంగారి అడంగలులో వుండేది. ఏ సర్వే నంబరులో ఏ పైరు వేశారో, నీరు ఎక్కడిదో అందులో వ్రాసేవారు. 1984లో కరణీకం పోయింది. తరువాత పొలం లెక్క రెవిన్యూ వారి దగ్గర, పంట లెక్క వ్యవసాయశాఖలో, ధాన్యం లెక్క పౌర సరఫరాల వారి దగ్గర, సొమ్ము లెక్క బ్యాంకులో వుండేవి. ఒకరి చిట్టా ఒకరికి తెలియదు. ఇట్లాంటి చిట్టాలను ఒకదానితో ఒకటి ముడివేసి నడిపే కంప్యూటరు ఏర్పాటునే ఎంటర్‌ప్రైజ్ సాఫ్ట్‌వేర్ అంటున్నారు. పెద్ద కంపెనీలు తమ సరుకుకూ, సొమ్ముకూ వాడుకున్న పద్ధతి ఇది. ఇప్పుడు మన పొలం గట్టు దాకా వచ్చింది.

మరి క్లౌడ్ అంటే? మాటకు అర్థం మబ్బు. కాని ఆ లెక్కలు ఆకాశంలో లేవు. పెద్ద పెద్ద భవనాల్లో వేలకొద్దీ కంప్యూటర్లు రాత్రింబవళ్లు నడుస్తుంటాయి. లెక్కలన్నీ వాటిలోనే దాస్తారు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన మీదట తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు ఒక్కచోటి నుండే నీరు అందుతున్నది గదా! ఎవరికి కావలసినంత వారు తూము ద్వారా తీసుకుంటారు. క్లౌడ్ కూడ అంతే. ఆఫీసుకొక పెద్ద యంత్రం కొననక్కరలేదు, వాడుకున్నంతకు అద్దె కడితే చాలు. అయితే కాలవలో నీరు రానిదే తూము ఎత్తి లాభం లేదు. అట్లాగే సిగ్నలు లేని చేలో ఫోను తెరిచినా లెక్క ఎక్కదు.

ఇట్లా పోగైన లెక్కలను కలిపి చూసి, రాబోయేదానిని అంచనా వేయడం డేటా ఎనలిటిక్స్. 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో పాత వాన లెక్కలను గుణించి, వేరుశెనగ ఎప్పుడు విత్తాలో 175 మంది రైతులకు తెలుగులో ఫోను సందేశాలు పంపాయి. సగటున 30 శాతం దిగుబడి పెరిగిందని ఆ సంస్థలు ప్రకటించాయి. అది మెట్ట పంట. కాలవ నీటి వరికి ఆ సలహా యథాతథంగా పనికిరాదు.

మనకు పనికివచ్చే లెక్క వేరు. మారుటేరు పరిశోధనా స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ సుమారు 150 రోజుల పంట. ఏ వూళ్లో ఎన్ని ఎకరాల్లో స్వర్ణ వేశారో, ఎప్పుడు విత్తారో ఈ-పంటలో సరిగ్గా వుంటే కోతలు ఏ వారంలో ముమ్మరమవుతాయో, ఎన్ని గోనెసంచులు, ఎన్ని లారీలు కావాలో ముందే చెప్పవచ్చు. రకమో, తేదీయో తప్పుగా ఎక్కితే సంచులు వేళకు రావు. కళ్లంలో రాశి పోసుకుని నవంబరు తుపానుకు ఎదురు చూడాల్సి వస్తుంది. యంత్రానికి మీ చేను తెలియదు, వ్రాసినదే తెలుసు.

ఒక లెక్క చూడండి. ఒక రైతు 3 ఎకరాలు చేసుకుంటుంటే 2 ఎకరాలే ఎక్కాయనుకుందాం. ఆ మిగిలిన ఎకరంలో 30 బస్తాలు పండితే, 2025-26 సాధారణ రకం మద్దతు ధర ప్రకారం 75 కిలోల బస్తాకు సుమారు 1,777 రూపాయల చొప్పున 53 వేల రూపాయల పైచిలుకు ధాన్యానికి లెక్కలో ఆధారం లేదన్నమాట.

కౌలుదారులు మరీ మెలకువగా వుండాలి. పొలం ఒకరిది, చెమట ఒకరిది. సాగుదారు గడిలో ఆసామి పేరు పడితే కష్టపడినవాని చేతికి దక్కవలసినది దక్కకపోవచ్చు. 2019 చట్టం ప్రకారం ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం 11 నెలలు చెల్లుతుంది. అది పంటపై హక్కేగాని భూమిపై హక్కు కాదు. కనుక ఆసాములు సంతకానికి సందేహించవలసిన పనిలేదు.

ఇక చేయవలసిన పనులు:

1. సహాయకులు చేలో ఫోటో తీసేనాడు మీరు కూడ గట్టుమీద వుండండి.

2. సర్వే నంబరు, విస్తీర్ణం సెంట్లతో సహా, రకం, విత్తిన తేదీ, సాగుదారు పేరు చదివించుకుని వినండి. వేలిముద్ర ఆ తరువాతనే వేయండి.

3. రసీదు అడిగి తీసుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధారు ముడిపడిందో లేదో చూసుకోండి.

4. రైతు సేవా కేంద్రంలో జాబితా అంటించినప్పుడు మీ పేరు వెతకండి. తప్పుంటే గడువులోపలే అభ్యంతరం వ్రాసి ఇవ్వండి.

సహాయక సోదరులకు ఒక్క మనవి. కేంద్రంలో కూర్చుని నింపిన గడి కూడ తెరమీద సరిగ్గానే కనిపిస్తుంది. అది తప్పని తెలిసేది కోతలనాడు. అప్పటికి దిద్దే గడువు దాటిపోతుంది. కనుక చేనికి వెళ్లే వ్రాయండి.

ఈ సార్వా నాట్లు కాగానే ప్రతివారూ తమ లెక్క చూసుకుంటారని ఆశిస్తూ, సెలవు.