లక్ష్యవేధకు రైఫిలు నెన్నుకొనుట

ద్రౌపదీ స్వయంవరమున మత్స్యయంత్రమును కొట్టుట రెండవ పరీక్ష. వింటిని ఎక్కుపెట్టుట మొదటి పరీక్ష. రాజులలో అనేకులు ఆ మొదటిదానియందే ఓడిపోయిరి. చేతిలోని ఆయుధము వశము కానివానికి గురి చూచు అవకాశమే రాదన్నమాట. నేటి లక్ష్యవేధ క్రీడకును ఈ మాట చెల్లును.

2012 లండను ఒలింపిక్ క్రీడలలో హైదరాబాదునకు చెందిన గగన్ నారంగ్ 10 మీటర్ల గాలి రైఫిలు పోటీయందు కంచు పతకము గెలిచెను. 2024 పారిసు క్రీడలలో మహారాష్ట్రకు చెందిన స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిలు మూడు భంగిమల పోటీయందు కంచు పతకము పొందెను. ఇట్టి వార్తలు విన్నప్పుడు ఇండ్లలోని పిల్లలు “ఏ రైఫిలు మంచిది?” అని అడుగుట సహజము. రైఫిళ్లలో పలు రకములు కలవు. మేము ఇచ్చట ఒక్క రకమును గూర్చియే ముచ్చటింపదలచితిమి. అది 100 మొదలు 300 మీటర్ల దూరమున కాగితపు లక్ష్యముపై కాల్చుటకు కర్మాగారమునుండి సిద్ధముగా వచ్చు బోల్టు రైఫిలు. దీని వాడుక అమెరికా, ఐరోపాలలో హెచ్చు. అయినను ఎన్నికకు సంబంధించిన సూత్రములు తక్కిన రైఫిళ్లకును చాలవరకు వర్తించును.

బోల్టు అనగా తలుపు గడియవంటిదే. పిడిని పైకెత్తి వెనుకకు లాగినచో ఖాళీ తూటా బయట పడును. ముందుకు త్రోసి క్రిందికి దించినచో క్రొత్త తూటా గొట్టము మొదట చేరి బిగిసిపోవును. జర్మనీలో పాల్ మౌజరు 1898లో స్థిరపరచిన పద్ధతియే నేటి బోల్టు రైఫిళ్లలో పెక్కింటికి మూలము. తూటా ప్రతిసారియు ఒకే స్థానమున, ఒకే బిగువుతో నిలుచుటయు, ప్రేలు క్షణమున లోపల బరువైన భాగమేదియు కదలకుండుటయు దీని గురికి ముఖ్యకారణములు.

ఇక కొనువారిని మొదట ఆకర్షించునది కంపెనీవారి హామీ. “మా రైఫిలు ఒక నిమిషపు గురి గలది” అని ప్రకటనలలో కనబడును. ఇది గడియారపు నిమిషము కాదు. కోణమును కొలుచు నిమిషము, డిగ్రీలో 60వ భాగము. 100 మీటర్ల దూరమున దీని వెడల్పు సుమారు 29 మిల్లీమీటర్లు. 300 మీటర్ల దూరమున 87 మిల్లీమీటర్లు. రైఫిలును బల్లపై ఆనించి కాల్చినప్పుడు పడిన రంధ్రములలో మిక్కిలి దూరముగానున్న రెండింటి నడుమ ఎడము ఇంతకు మించదని ఆ హామీకి అర్థము. అంతర్జాతీయ 300 మీటర్ల పోటీ లక్ష్యమున పది మార్కుల వలయము 100 మిల్లీమీటర్ల వ్యాసము గలది. 87 మిల్లీమీటర్లు అందులో ఇముడును గదా, ఇంకేమి కావలెనని తోచును.

ఇచ్చటనే జాగ్రత్త వలయును. హామీ యెన్ని గుండ్లకు ఇచ్చిరో ముందు చూడవలెను. కొందరు ఐదు గుండ్లకు ఇత్తురు. మూడింటికే ఇచ్చువారును కలరు. గుండ్ల సంఖ్య పెరిగినకొలది ఎడమును పెరుగును. ఒకే రైఫిలుతో, ఒకే రకపు తూటాలతో మూడేసి చొప్పున కాల్చినప్పుడు సగటు ఎడము 29 మిల్లీమీటర్లయినచో, ఐదేసి చొప్పున కాల్చినప్పుడు అది దాదాపు 37, పదేసి చొప్పున కాల్చినప్పుడు దాదాపు 46 మిల్లీమీటర్లగునని సంభావ్యతా గణితము చెప్పుచున్నది. 300 మీటర్లకు పోవుసరికి ఈ 46 కాస్త 138 అగును. పది మార్కుల వలయము 100 మాత్రమే! రైఫిలు మారలేదు, దాని నిజస్వరూపమును చూపుటకు మూడు గుండ్లు చాలలేదు. మూడు గుండ్ల ఎడము ఒకమారు 15 మిల్లీమీటర్లు, మరియొకమారు 40 మిల్లీమీటర్లు వచ్చుటలోను వింత లేదు. కావున మంచి గుంపు పడిన ఒక్క కాగితమును చూపి అమ్మువాని మాటకంటె, వరుసగా పది గుండ్లు పడిన రెండు మూడు కాగితములు మేలైన సాక్ష్యము.

రెండవ సూత్రము: సులభముగా మార్చుకొనగలవానికి గాక, మార్చుటకు కష్టమైనవానికి ముందు డబ్బు పెట్టవలెను. భుజమునకు ఆనించు స్టాకును, ట్రిగ్గరును, పైని టెలిస్కోపును తరువాతనైనను మార్చుకొనవచ్చును. గొట్టమును, బోల్టు నడచు ఉక్కు శరీరమును మార్చుట సామాన్యముగా నిపుణుని పని. గొట్టము బరువైనదైనచో ఆలస్యముగా వేడెక్కును. వేటకొరకు చేసిన పలుచని గొట్టము కొలది గుండ్లకే వేడెక్కి గురి చెదరవచ్చును. గొట్టములోని మెలికల గాళ్లను కూడ గమనింపవలెను. పొడవైన, బరువైన గుండు గాలిలో స్థిరముగా పోవుటకు బిగువైన మెలిక కావలెను. ఉదాహరణకు .223 రైఫిలులో 12 అంగుళములకు ఒక చుట్టు తిరుగు మెలిక తేలిక గుండ్లకు చాలును. 69, 77 గ్రెయినుల పోటీ గుండ్లకు 8 అంగుళముల మెలిక మేలు.

ఈ దృష్టితో కొన్ని ప్రసిద్ధ రైఫిళ్లను చూతము. అమెరికాలో 1962లో వెలువడిన రెమింగ్టన్ 700 శరీరము గుండ్రని ఉక్కు గొట్టమువంటిది. దీనికి సరిపడు స్టాకులు, ట్రిగ్గర్లు, గొట్టములు చేయువారు లెక్కకు మిక్కిలిగా కలరు. క్రమముగా బాగుచేసుకొనదలచినవారికి ఇది గొప్ప సౌకర్యము. కాని 2006 మే మొదలు 2014 ఏప్రిలు వరకు తయారైన ఒక రకపు ట్రిగ్గరును కంపెనీవారు 2014లో వెనుకకు పిలిచిరి. కాబట్టి పాతది కొనువారు దాని సంఖ్యను సరిచూచుకొనక కొనరాదు.

1958లో నికొలస్ బ్రూవరు రూపొందించిన సావేజ్ 110లో గొట్టము ఒక పెద్ద నట్టుతో బిగింపబడియుండును. ఇందువలన మేము పైని చెప్పిన కష్టము దీనియందు తగ్గును. కొలత పనిముట్లు గల నేర్పరి పెద్ద యంత్రము లేకయే గొట్టమును మార్చగలడు. బోల్టు తల కొంచెము సర్దుకొనునట్లు ఉండుట దీని మరియొక విశేషము. బోల్టు నడక మాత్రము అంత నునుపు కాదని పలువురి అభిప్రాయము.

ఫిన్లండులోని రీహిమాకి పట్టణమున సాకో కంపెనీవారు తయారుచేయు టిక్కా టి3 2003లోను, దాని సవరించిన రూపము టి3ఎక్స్ 2016లోను వచ్చెను. ఉక్కును చల్లగానే సమ్మెటపోటులతో సాగగొట్టి చేసిన గొట్టము, నునుపుగా జారు బోల్టు, పెట్టెనుండి తీయగానే పనికివచ్చు ట్రిగ్గరు దీని గుణములు. ఏ మార్పులును చేయక నేరుగా అభ్యాసము ప్రారంభింపగోరువారికి ఇది తగును. జపానువారి హోవా 1500 శరీరము అడుగున చదునుగానుండును. ప్రేలినప్పటి తాకిడిని స్టాకునకు అందించు ఉక్కు కణుపు ఆ శరీరముతో ఏకఖండముగా ఉండుటచే స్టాకులో గట్టిగా కూర్చుండును.

ఈ నాలుగింటిలో ఒకటి మంచిది, తక్కినవి చెడ్డవి అనుట సరికాదు. వాని గురిలోని భేదముకంటె ఒక రకపు తూటాకును మరియొక రకపు తూటాకును గల భేదమే పలుమార్లు హెచ్చుగా కనబడును. అందుచేత మూడు నాలుగు రకముల తూటాలను పరీక్షించి, తన రైఫిలునకు నచ్చినదానిని హెచ్చుగా కొనియుంచుకొనుట వివేకము. 1952లో వచ్చిన .308 తూటాలో తాకిడి కొంచెము హెచ్చయినను గొట్టము చాలకాలము మన్నును. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తాకిడిలో తేలిక, గాలికి తక్కువగా ప్రక్కకు పోవును. కాని దాని గొట్టమునకు పోటీ గురి సామాన్యముగా రెండు మూడువేల గుండ్ల వరకే నిలుచును. ఇన్ని పోటీ తూటాల వెల రైఫిలు వెలను పలురెట్లు మించునను సంగతి ఇంటి పెద్దలు ముందే లెక్కకట్టవలెను. ఉన్న సొమ్మంతయు రైఫిలుకే పోసి అభ్యాసమునకు మిగుల్చుకొననివాని చేతిలో ఎంత మంచి రైఫిలైనను గోడకు అలంకారమే.

కొనుచోట చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. మొదట బోల్టు తెరచి లోపల తూటా లేదని కన్నులార చూడవలెను. గొట్టమునకును స్టాకునకును నడుమ పలుచని కాగితమును దూర్చి లాగవలెను. అది ఎచ్చట ఆగునో అచ్చట స్టాకు గొట్టమును తాకుచున్నదన్నమాట. అట్టి తాకిడి వేడికి, తేమకు మారి గురిని చెరచును. కన్నులు మూసికొని రైఫిలును భుజమున నుంచి, పిమ్మట తెరచినప్పుడు చూపు సూటిగా టెలిస్కోపు నడుమకే పోవలెను. మెడ సాచవలసివచ్చినను, చెంప ఎత్తవలసివచ్చినను ఆ స్టాకు ఆ మనిషికి సరిపోదు.

మన దేశమున 1959 ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక ఇట్టి రైఫిలును ఉంచుకొనరాదు. లైసెన్సు గలవారును రైఫిలును తాళములో నుంచి, తూటాలను వేరొకచోట తాళములో నుంచవలెను. పిల్లలున్న యింట ఈ నియమమునకు మినహాయింపు లేదు. క్రొత్తగా నేర్చువారు మొదట రైఫిలు క్లబ్బులోని ఆయుధముతో, శిక్షకుని యెదుటనే అభ్యసించుట మేలు.

తప్పిన గుండు తన తప్పో, రైఫిలు తప్పో తెలియనివాడు ఏండ్ల తరబడి శ్రమించియు ముందుకు పోజాలడు. తన రైఫిలు పది గుండ్లను ఎంత చోటులో వేయగలదో కాగితముపై కొలిచి యెరిగినవాడు, ఆ మేరకు మించిన ప్రతి తప్పును తనదిగా గుర్తించి దిద్దుకొనగలడు. రైఫిలు నెన్నుకొనుటలో కోరవలసిన ప్రయోజనము ఇదియే.